ఎయిర్ రైఫిల్‌కి తేలిక పెల్లెట్: ఎంచుకోవడం, పరీక్షించడం, పది మీటర్లకి సెట్ చేసుకోవడం

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: "మా తాతగారి కాలం నుంచి లైసెన్సు మీద 315 బోర్ రైఫిల్ ఉందండీ. అమెరికా వాళ్ళ వీడియోల్లో ఇంట్లోనే తేలిక బుల్లెట్ పెట్టి, మందు తగ్గించి, కార్ట్రిడ్జ్‌లు నింపుకుని సరదాగా టార్గెట్ కొడుతున్నారు. మనం బెజవాడలో అలా చేసుకోవచ్చా?"

చేసుకోకూడదు. తుపాకీ ఉంచుకునే లైసెన్సు వేరు, తూటాలు తయారు చేసే లైసెన్సు వేరు. రెండోది 1959 ఆయుధాల చట్టంలో 5వ సెక్షన్ కిందికి వస్తుంది. అది మీ తాతగారికి లేదు, మీకూ రాదు. అది లేకుండా ఇంట్లో మందు తూచుకుంటూ కూర్చుంటే కేసు అవుతుంది, పైగా కొలత తప్పితే ఛాంబర్ (తూటా కూర్చునే గది) మొహం మీదే పగులుతుంది. 315 కాల్చాలని ఉంటే లైసెన్సు మీద కొన్న ఫ్యాక్టరీ కార్ట్రిడ్జ్‌లతో, అనుమతి ఉన్న రేంజ్‌లోనే కాల్చండి.

నిజానికి ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో చాలామందికి కావలసింది 315 కాదు. తక్కువ చప్పుడు, తక్కువ ఖర్చు, భుజం నొప్పి లేకుండా ఆదివారం పొద్దున్న ఒక గంట కాగితం మీద చుక్క కొట్టడం. దానికి గాలి ఒత్తిడితో కాల్చే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, దానికి సరిపడే తేలిక పెల్లెట్ (చిన్న లోహపు గుండు) చాలు. రెండో ప్రశ్న అక్కడే మొదలవుతుంది: "ఏ పెల్లెట్ కొనాలి?" డబ్బా మీద బరువు చూసి చెప్పగలిగే జవాబు కాదది. మీ రైఫిల్‌లో పెట్టి కాగితం మీద చూసుకోవాల్సిందే. ఎలా చూసుకోవాలో కింద రాశాను.

ముందు చట్టం, రెండు ముక్కల్లో

క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు) 0.177 అంగుళం, అంటే 4.5 మి.మీ. మించకుండా, ఎనర్జీ 20 జౌల్స్ మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. 0.22 క్యాలిబర్ అయితే కావాలి. షాపువాళ్ళు గుర్తింపు కార్డు, అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, ఇవ్వండి. బిల్లు మీద క్యాలిబర్, ఎనర్జీ రాయించుకుని ఒక కాపీ రైఫిల్ సంచిలోనే పెట్టండి. వారధి మీద చెకింగ్‌లో ఆపితే మీ మాట కన్నా ఆ కాగితమే పనికొస్తుంది. లైసెన్సు అక్కర్లేదు కదా అని బైకు వెనక చేత్తో పట్టుకుని తిరగొద్దు. సంచిలో, జిప్ వేసి, పెల్లెట్ లేకుండా తీసుకెళ్ళండి.

గుంటూరు వైపు నుంచి అడిగేవాళ్ళు కొందరు మెల్లగా అసలు సంగతి చెబుతారు: తోటలో కోతులు, చేలో పిట్టలు. వాటి మీద కాల్చడం గురించి ఇక్కడ ఏమీ రాయను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1960 జంతుహింస నివారణ చట్టం రెండూ ఉన్నాయి. పైగా తేలిక పెల్లెట్ చాలాసార్లు జంతువుని వెంటనే చంపదు, కుళ్ళే గాయం చేస్తుంది.

కావలసినవి

- మడిచి లోడ్ చేసే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ (బ్రేక్ బ్యారెల్). గాలి నింపుకునే పీసీపీ ఉన్నా ఈ పద్ధతే. పట్టుకునే తీరు మాత్రం పీసీపీకి అంత పట్టింపు కాదు.
- కనీసం మూడు నాలుగు రకాల పెల్లెట్లు. ముందు చిన్న డబ్బాలే తీసుకోండి. దగ్గర్లో ఇంకొకరికి రైఫిల్ ఉంటే డబ్బాలు పంచుకోవచ్చు.
- పెల్లెట్ ట్రాప్, అంటే పెల్లెట్‌ని ఆపి దాచుకునే పెట్టె. ఆటోనగర్‌లో గంటలో చేయించుకోవచ్చు.
- కంటి అద్దాలు. వెల్డింగ్ షాపులో దొరికే తెల్ల సేఫ్టీ గ్లాసెస్ చాలు. కాల్చేవాళ్ళకే కాదు, పక్కన నిలబడేవాళ్ళకి కూడా.
- నగల కొట్టులో వాడే లాంటి చిన్న డిజిటల్ తక్కెడ. 0.01 గ్రాము చూపించేది పని నడిపిస్తుంది, 0.001 చూపిస్తే ఇంకా మంచిది. ఇది లేకపోయినా మొదలుపెట్టొచ్చు.
- టార్గెట్లు. మామూలు ఏ4 కాగితం చిరుగుతుంది, రంధ్రం అంచు తెలియదు. ఇంట్లో పేరుకుపోయిన శుభలేఖల అట్టలు దీనికి చాలా బాగుంటాయి. వెనకవైపు తెల్లగా ఉన్నవి ఏరుకోండి.
- స్కేలు, పెన్ను, చిన్న నోట్‌బుక్.

పెల్లెట్ బరువు గురించి తెలియాల్సింది ఇంతే

కొన్ని డబ్బాల మీద గ్రాములు ఉంటాయి, కొన్నిటి మీద గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. 0.45 గ్రాము (సుమారు 7 గ్రెయిన్లు) తేలిక. 0.50 నుంచి 0.53 వరకు (7.7 నుంచి 8.2 గ్రెయిన్లు) మ్యాచ్ షూటింగ్‌లో మామూలుగా వాడే బరువు. దానికన్నా పైన ఉన్నవి దూరానికి.

అదే రైఫిల్, అదే 10 జౌల్స్ శక్తి అనుకుంటే 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకి 194 మీటర్లు పోతుంది, 0.45 గ్రాములది 211 మీటర్లు. పది మీటర్లు దాటేలోపు మొదటిది 13 మి.మీ. కిందికి జారుతుంది, రెండోది 11. అంటే తేడా రెండు మిల్లీమీటర్లే. తేలికది తెస్తే గురి దానంతటదే బాగుపడిపోతుందని ఆశపడొద్దు. లాభం వేరేచోట ఉంది. పెల్లెట్ బ్యారెల్‌లోంచి త్వరగా బయటపడుతుంది కాబట్టి మీ చెయ్యి కదిలినా దాని మీద పడే ప్రభావం కాస్త తగ్గుతుంది. తక్కువ శక్తి ఉన్న రైఫిళ్ళు తేలిక పెల్లెట్‌తో సాఫీగా కాలుస్తాయి కూడా.

మరీ తేలిక మాత్రం వద్దు. సీసం లేని తగరం పెల్లెట్లు కొన్ని మెరుపు వేగం అని రాసి అమ్ముతారు. బలమైన స్ప్రింగ్ రైఫిల్‌లో అవి ధ్వని వేగానికి దగ్గరగా వెళ్ళి (మన ఎండలో అది సెకనుకి సుమారు 350 మీటర్లు) అటూ ఇటూ ఊగుతాయి, టప్పున చప్పుడు చేస్తాయి. ఇంకో నష్టం లోపల జరుగుతుంది. ముందు తగినంత అడ్డు లేక, స్ప్రింగ్ తోసే పిస్టన్ (లోపల గాలిని నొక్కే ముక్క) విసురుగా వెళ్ళి ఎదర గోడని కొడుతుంది. కొన్నాళ్ళకి సీలు, స్ప్రింగు పోతాయి.

ఎలా చేయాలి

1. ముందు చోటు, తర్వాతే పెల్లెట్. పది మీటర్ల ఖాళీ, వెనక మనుషులు రాని గట్టి గోడ, పక్క నుంచి ఎవరూ నడిచి రాలేని దారి కావాలి. తాడేపల్లి, మంగళగిరి, పెదకాకాని వైపు పెరడున్న ఇళ్ళకి ఇది సమస్య కాదు. బెజవాడలో అపార్ట్‌మెంట్ డాబా మీద మాత్రం వద్దు. పిట్టగోడ దాటిన పెల్లెట్ వందల మీటర్లు పోగలదు, పక్క డాబా మీద ఎవరు బట్టలు ఆరేస్తున్నారో మీకు కనపడదు. అపార్ట్‌మెంటే గతి అయితే తలుపులు మూసి హాల్లో ఐదు మీటర్లకి కాల్చండి. టార్గెట్‌ని సగం సైజులో ప్రింట్ తీయండి, గురి చూసే కష్టం దాదాపు అంతే ఉంటుంది. ఇంట్లోవాళ్ళందరికీ చెప్పి, ఆ వైపు తలుపు గడియ పెట్టాకే మొదలుపెట్టండి.

2. ట్రాప్ చేయించండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు నోరున్న పెట్టె. లోపల 3 మి.మీ. ఇనుప ప్లేటు. ప్లేటు నిటారుగా ఉండకూడదు, పైభాగం మీ వైపుకి వాలి 45 డిగ్రీల్లో ఉండాలి. అప్పుడు తగిలిన పెల్లెట్ కిందికి మళ్ళి అడుగున ఇసుకలో పడుతుంది. ముందు అట్ట టార్గెట్ బిగిస్తే నుగ్గు కూడా బయటికి రాదు. వెల్డింగ్ అతనికి కొలతలు చెప్పడం కన్నా బొమ్మ గీసి ఇవ్వడం మేలు. ప్లేటు వాలు తిరగేసి వెల్డ్ చేస్తే పెల్లెట్ పైకి లేస్తుంది, మళ్ళీ కోయించాలి.

ఇనుము వద్దనుకుంటే చెక్కపెట్టెలో పాత జీన్స్, చీర ముక్కలు దట్టంగా కుక్కి వాడొచ్చు. మధ్యలో ఒకేచోట తగిలి గుంట పడుతుంది కాబట్టి అప్పుడప్పుడు కదిపి సర్దాలి. గోనె సంచిలో ఇసుక నింపినా సరే, జల్లించి నింపండి. కృష్ణ ఇసుకలో గులకరాళ్ళు ఉంటాయి, పెల్లెట్ రాయికి తగిలితే ఎటు తిరుగుతుందో చెప్పలేం.

పాత టైరు వాడొద్దు. ఆటోనగర్‌లో ఊరికే దొరుకుతుంది కదా అని చాలామంది మొదట చేసే పని ఇదే. రబ్బరు పెల్లెట్‌ని తిరిగి మీ వైపే విసురుతుంది. గట్టి ప్లైవుడ్, సిమెంటు గోడ కూడా అంతే.

3. రైఫిల్‌ని సరిచూడండి. స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మరలు మూడు నాలుగు ఉంటాయి, అన్నీ బిగించండి. స్ప్రింగ్ రైఫిల్ కుదుపుకి ఇవి వదులవుతూనే ఉంటాయి. బ్యారెల్ మడత దగ్గర అటూ ఇటూ ఆడుతోందేమో చూడండి. కొత్త రైఫిల్ అయితే ఫ్యాక్టరీ గ్రీజు లోపల కాలి మొదట్లో పొగ, వాసన వస్తాయి. మొదటి కొన్ని వందల షాట్లు నిలకడగా ఉండవు. ఆ దశలో పెల్లెట్ పరీక్ష పెట్టుకుంటే వచ్చే ఫలితానికి విలువ లేదు. ఉన్న చవక పెల్లెట్లతో ఆ గండం గట్టెక్కించి అప్పుడు రండి.

బ్యారెల్‌లోకి, గాలి గదిలోకి కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే కొట్టొద్దు. లోపల ఆ నూనె డీజిల్ ఇంజన్‌లో లాగా ఒత్తిడికి అంటుకుని పేలుతుంది. వేగం ఒక్కో షాట్‌కి ఒక్కోలా ఉంటుంది, సీలు కాలిపోతుంది.

4. పెల్లెట్లు ఏరండి. తెల్లకాగితం మీద కొద్దికొద్దిగా పోసి చూడండి. వెనక గిన్నెలా పల్చగా ఉండే అంచుని స్కర్ట్ అంటారు. అది సొట్టపోయినవి, తల మీద గీతలున్నవి పక్కన పెట్టండి. తర్వాత ఒక గాజు పలకని కాస్త వాల్చి పెల్లెట్లని ఒక్కొక్కటే దొర్లించండి. అన్నీ ఒకే వంపు తిరుగుతూ దొర్లాలి. ఒకటి ఎక్కువ మలుపు తిరిగిందంటే దాని తల సైజో స్కర్ట్ సైజో వేరు. ఈ పనికి తక్కెడ కూడా అక్కర్లేదు, చవక డబ్బాల్లో చెత్తంతా ఇక్కడే బయటపడుతుంది.

తక్కెడ ఉంటే తర్వాత తూచండి. 0.01 గ్రాము తేడాతో కుప్పలు పెట్టండి. ఫ్యాను ఆపి, తక్కెడని కదలని బల్ల మీద పెట్టి తూచాలి. మంచి మ్యాచ్ డబ్బాలో కుప్పలు రెండుకి మించకపోవచ్చు, అప్పుడు ఇంకెప్పుడూ ఆ డబ్బా తూచకండి, టైము దండగ. చవక డబ్బాలో నాలుగైదు కుప్పలు వస్తే మధ్య కుప్ప టార్గెట్‌కి, అటూ ఇటూ ఉన్నవి డబ్బా మూతలు పడగొట్టే సరదాకి.

5. బిగువు చూడండి. రైఫిల్ మడిచి బ్యారెల్ వెనకవైపు నోట్లో పెల్లెట్ పెట్టండి. బొటనవేలితో కాస్త నొక్కితే కూర్చోవాలి. దాని బరువుకే లోపలికి జారిపోతే వదులు, గోరు నొప్పి పుట్టేంత నొక్కాల్సి వస్తే లావు. కొన్ని కంపెనీలు తల సైజు 4.49, 4.50, 4.51, 4.52 అని డబ్బా మీదే రాస్తాయి. బరువు అదే ఉన్నా సైజు మారితే ఫలితం మారుతుంది. కాబట్టి బిగువు కుదరకపోతే అదే పెల్లెట్ ఇంకో సైజులో ప్రయత్నించి చూడండి.

జాగ్రత్త: బ్యారెల్ మడిచి ఉన్నంతసేపు ఒక చేత్తో దాన్ని గట్టిగా పట్టుకునే ఉండాలి. పట్టు జారి స్ప్రింగ్ వదిలితే బ్యారెల్ ఒక్కసారిగా మూసుకుంటుంది, నోటి దగ్గర ఉన్న వేలు నలుగుతుంది. రెండో చేతి వేళ్ళు ట్రిగ్గర్ దరిదాపుల్లో ఉండకూడదు.

6. పట్టుకోవడం నేర్చుకోండి. చెప్పినవన్నీ చేసి కూడా గ్రూప్ (షాట్లన్నీ దగ్గర దగ్గరగా పడడం) రాలేదనేవాళ్ళలో చాలామంది ఇక్కడే తప్పుతారు. స్ప్రింగ్ రైఫిల్ పెల్లెట్ బయటపడేలోపే ముందుకీ వెనక్కీ రెండుసార్లు కుదుపుతుంది. బిగించి పట్టుకుంటే ఆ కుదుపు ప్రతిసారీ ఒక్కోలా మళ్ళుతుంది. బల్ల మీద నేరుగా ఆనిస్తే రైఫిల్ ఎగురుతుంది. సరైన పద్ధతి: బల్ల మీద దిండో బియ్యం సంచో పెట్టి, దాని మీద ఎడమ చెయ్యి వెల్లకిలా పెట్టి, తెరిచిన అరచేతిలో రైఫిల్‌ని ఊరికే ఆననివ్వండి. వేళ్ళు మూయొద్దు. భుజానికి తగిలీ తగలనట్టు, చెంప తేలిగ్గా. అరచెయ్యి స్టాక్ కింద ఎక్కడుందో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, ప్రతి షాట్‌కి అక్కడే ఉండాలి. ట్రిగ్గర్ నొక్కాక కూడా ఒక క్షణం అలాగే గురి చూస్తూ ఉండండి. తల ఎత్తి ఎక్కడ తగిలిందో చూసే తొందర వద్దు, కాగితం పారిపోదు.

7. పరీక్ష పెట్టండి. ఐదు మీటర్లలో మొదలుపెట్టి పెల్లెట్ అట్ట మీద పడుతోందని రూఢి చేసుకుని పది మీటర్లకి వెళ్ళండి. పెల్లెట్ రకం మార్చినప్పుడల్లా మొదటి నాలుగైదు షాట్లు లెక్కలోకి తీసుకోకండి. పాత పెల్లెట్ సీసం పొర పోయి కొత్తదానికి బ్యారెల్ అలవాటు పడాలి. ఆ తర్వాత ఐదు షాట్లు ఒక టార్గెట్ మీద, మళ్ళీ ఐదు ఇంకో టార్గెట్ మీద. అట్ట వెనక పెల్లెట్ పేరు, బరువు, తల సైజు, టైము రాయండి.

ఈ దశలో సైట్ (గురి చూసే అమరిక) ముట్టుకోవద్దు. గ్రూప్ చుక్క మీద పడిందా పక్కన పడిందా అన్నది ఇప్పుడు అనవసరం. అవన్నీ ఒకేచోట పడుతున్నాయా అన్నదే చూడాలి. పక్కన పడినా దగ్గర దగ్గరగా పడితే అదే మీ పెల్లెట్.

ఎండాకాలంలో పొద్దున్న ఎనిమిది లోపు ముగించుకోండి. నలభై డిగ్రీల ఎండలో రైఫిల్ లోపలి గ్రీజు పల్చబడుతుంది, పొద్దున్న వచ్చిన గ్రూప్ మధ్యాహ్నం రాదు. సాయంత్రం ఆరుబయట గాలి తిరుగుతుంది, తేలిక పెల్లెట్‌కి అది బాగా తెలుస్తుంది. అన్ని రకాలనీ ఒకే పూట పోల్చండి. నిన్నటి గ్రూప్‌ని ఈరోజు గ్రూప్‌తో పోల్చి డబ్బా పారేయొద్దు.

8. ఇప్పుడు సైట్ సెట్ చేయండి. గెలిచిన పెల్లెట్ ఒక్కటే వాడండి. రియర్ సైట్ (కంటి వైపు ఉండేది) సూత్రం తేలిక: తగలడం ఎటు జరగాలో సైట్‌ని అటే జరపండి. ఎడమకి పడుతుంటే కుడికి, కిందికి పడుతుంటే పైకి. ఒక్క షాట్ చూసి తిప్పొద్దు, ఐదు కొట్టి వాటి మధ్య బిందువు చూసి తిప్పండి.

స్కోప్ అయితే ఒక లెక్క. చాలా స్కోపుల్లో ఒక క్లిక్ అంటే వంద గజాల్లో పావు అంగుళం. పది మీటర్లలో అది 0.7 మిల్లీమీటరే. రెండు సెంటీమీటర్లు జరపాలంటే దాదాపు 29 క్లిక్కులు తిప్పాలి. నాలుగు తిప్పి "స్కోప్ పని చేయట్లేదు" అనే ఫోన్లు వస్తుంటాయి. పది మీటర్లకి ఫోకస్ మార్చుకోగలిగే, ఎయిర్‌గన్‌కి అని రాసిన స్కోపే కొనండి. వేట రైఫిల్ స్కోప్ వెనక్కి తన్నడాన్ని తట్టుకుంటుంది, ముందుకి లాగే కుదుపుకి లోపలి అద్దం వదులవుతుంది. ఇంట్లో పాత స్కోప్ ఉంది కదా అని బిగించకండి.

ఫలితం సరిగ్గా ఉందా, ఎలా తెలుస్తుంది?

గ్రూప్ కొలవడం ఇలా: బాగా దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, 4.5 మి.మీ. తీసేయండి. ఐదు షాట్లలో ఒకటి దూరంగా పోతే దాన్ని చెయ్యి జారిందని వదిలేయాలనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే చెయ్యి జారిందని తెలిసి ఉంటే వదిలేయండి. కాగితం చూశాక గుర్తొస్తే లెక్కలోకి తీసుకోండి.

మామూలు స్ప్రింగ్ రైఫిల్, దిండు ఆనించి, పది మీటర్లు: 25 మి.మీ. లోపు అయితే మొదటి నెలకి బాగున్నట్టే. 15 లోపు వస్తే పెల్లెట్ కుదిరింది, ఇక డబ్బాలు మార్చడం ఆపేయండి. పోటీ టార్గెట్‌లో నల్లటి భాగం అంతా కలిపి 30.5 మి.మీ., మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అభినవ్ బింద్రా 2008 బీజింగ్‌లో స్వర్ణం గెలిచింది ఆ చుక్క మీదే, అదీ నిలబడి. మనం కూర్చుని నలుపు దాటకుండా కొడితే ప్రస్తుతానికి చాలు.

గ్రూప్ ఆకారం కూడా మాట్లాడుతుంది. నిలువుగా సాగితే వేగం నిలకడగా లేదు, లేదా ఊపిరి ఆపడంలో తేడా. స్కర్టులు, సీలు చూడండి. అడ్డంగా సాగితే గాలి, ట్రిగ్గర్ పక్కకి లాగడం, లేదా రైఫిల్ ఒరగడం. రెండు చోట్ల రెండు గుంపులుగా పడితే మరలు, స్కోప్ మౌంట్ వదులు. అంతటా చెల్లాచెదురుగా పడితే పెల్లెట్ ఆ బ్యారెల్‌కి పడలేదు.

వేగం కొలిచే యంత్రం లేదా? ఫోన్ చాలు. బ్యారెల్ మూతి పక్కన ఫోన్ పెట్టి సౌండ్ రికార్డింగ్ ఆన్ చేయండి. సరిగ్గా పది మీటర్లలో ట్రాప్‌లో రేకు ముక్క పెట్టి కాల్చండి, రేకు టంగుమనాలి. ఆడియో ఎడిటింగ్ యాప్‌లో కాల్చిన చప్పుడుకీ రేకు చప్పుడుకీ మధ్య ఎంత సమయం ఉందో మిల్లీసెకన్లలో చూడండి. ఉదాహరణకి 80 వచ్చిందనుకుందాం. రేకు చప్పుడు మీ దాకా తిరిగి రావడానికి 29 పడుతుంది, అది తీసేస్తే 51. పది మీటర్లని 0.051తో భాగిస్తే సెకనుకి 196 మీటర్లు. ఇది దారి మొత్తం మీద సగటు, మూతి దగ్గర వేగం ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. అసలు అంకె కన్నా షాట్‌కీ షాట్‌కీ తేడా ఎంత అన్నదే మీకు పనికొచ్చేది. ఒకే పెల్లెట్‌తో అంకెలు ఎగుడుదిగుడుగా వస్తుంటే పెల్లెట్‌ని తిట్టే ముందు రైఫిల్ సీలు చూపించండి.

ఎక్కువమంది చేసే తప్పులు

ఒకేసారి రెండు మార్చడం అన్నిటికన్నా పెద్దది. కొత్త డబ్బా తెచ్చి, అదే రోజు స్కోప్ బిగించి, పట్టు కూడా మార్చి, గ్రూప్ బాగుపడితే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. చెడితే ఇంకా టెన్షన్.

పెల్లెట్లని డబ్బాతో సహా జేబులో వేసుకుని బండి మీద తిరగడం. మెత్తటి సీసం, ఇంటికి చేరేలోపు స్కర్టులు నలుగుతాయి. ఏరినవాటిని స్పాంజి వేసిన చిన్న డబ్బాలో పెట్టండి.

ఇనుప బీబీలు, సైకిల్ బేరింగ్ గుళ్ళు వేయడం. గాడులున్న బ్యారెల్ పాడవుతుంది, గుండు తిరిగి వచ్చి కంటికి తగులుతుంది. ఎవరైనా ఇది చేస్తుంటే రైఫిల్ చేతిలోంచి తీసేసుకోండి, మొహమాటపడొద్దు.

పెల్లెట్ లేకుండా ఖాళీగా కాల్చి పిల్లలకి చప్పుడు వినిపించడం. పైన చెప్పిన పిస్టన్ దెబ్బే ఇక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది.

ఇంకొకటి, పెల్లెట్లు నోట్లో పెట్టుకోవడం. లోడ్ చేయడానికి వీలుగా ఉంటుందని కొందరికి అలవాటు. అది సీసం. పిల్లలకి మరీ ప్రమాదం.

పని అయ్యాక

సబ్బుతో చేతులు కడుక్కోండి, కడుక్కోకుండా టిఫిన్‌కి కూర్చోవద్దు. ట్రాప్‌లో ఇసుక జల్లించి వాడిన సీసం మూత ఉన్న డబ్బాలో దాచండి, నిండితే పాత సామాన్ల కొట్లో తూకానికి తీసుకుంటారు. కాలవలో, పశువులు మేసే చోట పారబోయొద్దు. చెమట చేతుల తేమకి బ్యారెల్ పైన వానాకాలంలో రెండు రోజుల్లో తుప్పు చుక్కలు వస్తాయి, బయటివైపు మాత్రమే నూనె గుడ్డతో తుడవండి. లోపల శుభ్రం చేయాలంటే గట్టి నైలాన్ దారానికి పొడి కాటన్ గుడ్డ ముక్క కట్టి, పెల్లెట్ పెట్టే వైపు నుంచి మూతి వైపుకి లాగండి. ఇది అస్తమానం అక్కర్లేదు, గ్రూప్ చెడినప్పుడు చాలు. లాగిన తర్వాత మళ్ళీ కొన్ని షాట్లు లెక్కలేకుండా కొట్టాకే కొలవండి.

రైఫిల్ బీరువాలో తాళం వేసి, పెల్లెట్లు వేరే చోట. స్ప్రింగ్ లాగి ఉంచి లోపల పెట్టొద్దు.

మూడు నాలుగు రకాలు ప్రయత్నించి, పట్టు సరిచేసుకుని, మరలు బిగించి కూడా గ్రూప్ 40 మి.మీ. దాటుతుంటే ఐదో డబ్బా కొనకండి. రైఫిల్ బాగా కాల్చేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ చేతికిచ్చి పది షాట్లు కొట్టించండి. వాళ్ళకి గ్రూప్ వస్తే మీరు 6వ అంకె దగ్గరికి తిరిగి వెళ్ళాలి. వాళ్ళకీ రాకపోతే బ్యారెల్ మూతి అంచు దెబ్బతిందేమో భూతద్దంతో చూసి, రైఫిల్‌ని రిపేరుకి పంపండి.